ముసురు పట్టాక చూడు, వానలు వెనకబట్టాక కొను

చి. చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇల్లు కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. నీ సంపాదనతో, నీ పేరు మీద! ఎంత పొంగిపోయానో. కానీ ఎండాకాలం సెలవుల్లోనే చూసి, సెలవుల్లోనే రిజిస్ట్రేషన్ కూడా ముగించేస్తావట. అది విన్నాక గుబులు పట్టుకుంది.

పిల్లల చదువు మధ్యలో చెడకూడదని చాలామంది సెలవుల్లోనే ఇళ్ల వేటకు దిగుతారు. అమ్మకానికి ఇళ్లూ అప్పుడే ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ నచ్చిన ఇంటికి పోటీ ఉంటుంది, బేరం సాగదు, రేపటికల్లా చెప్పమని తొందరపెడతారు. వానల్లో చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గుతారు. నెలల తరబడి అమ్ముడుపోని ఇల్లయితే యజమాని కొంత దిగివస్తాడు. అయినా కాలం చూసి మిగుల్చుకున్న డబ్బు ఒక్కసారి మిగిలేదే. చెమ్మపట్టిన ఇంటికి మాత్రం ఏటా పెడుతూనే ఉండాలి.

ఎప్పటినుంచో జనం చేస్తున్న తప్పు ఒకటుంది: ఎండల్లో, కొత్త రంగు చూసి ఇల్లు కొనెయ్యడం. ఎండకు గోడలు ఆరిపోతాయి. మరకల మీద ఒక పూత వేస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా పట్టుకోవడం కష్టం. పునాది మీద తేమను ఆపే పొర లేకపోయినా, పాడైపోయినా, నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. మామూలుగా మూడడుగుల దాకా వస్తుంది. నీళ్లతో వచ్చిన లవణాలు గోడ మీద తెల్లటి పొడిలా తేలతాయి, ప్లాస్టరు ఉబ్బి రాలుతుంది. పైన ఎన్ని పూతలు వేసినా ఇది ఆగదు. అందుకే ఒకే గోడకు, అందులోనూ కింది భాగానికే కొత్త రంగు ఉంటే ఎందుకు వేశారని మొహమాటపడకుండా అడుగు.

మరక ఎక్కడుందన్నదే అసలు సంగతి. సీలింగు మూలల్లో ఉంటే టెర్రస్ నుంచి దిగుతున్నట్టు. బాత్రూమ్ అవతలి గోడకు అన్ని కాలాల్లోనూ ఉంటే పైపునో, టైల్స్ సందులనో అనుమానించు. ఈ రెండూ బాగుచేసుకోవచ్చు. నేల నుంచి ఎక్కే చెమ్మ కనిపిస్తే మాత్రం ఆ ఇల్లు వదిలెయ్. చెమ్మ ఉన్నచోట బూజు పడుతుంది. చిన్నప్పుడు నీకు ఎంత ఆయాసం వచ్చేదో మరిచిపోయావా? బూజు గదిలో పడుకుంటే అది మళ్లీ తిరగబెడుతుందని నా భయం.

కాబట్టి రెండు మూడు రోజులు ముసురు పట్టాక వెళ్లు. తొలి వానకే వెళ్తే లాభం లేదు, శ్లాబు గుండా నీరు దిగడానికి సమయం పడుతుంది. బయటి గోడకు ఆనించిన అలమర తెరిచి వాసన చూడు. వాన వెలిసిన 48 గంటలకు కూడా టెర్రస్ మీద నీళ్లు నిలిచి ఉంటే వాలు సరిగా లేదని అర్థం. రోడ్డు నీళ్లు ఎటు పోతున్నాయో గుమ్మంలో నిలబడి చూడు.

కొనేది వానలు వెనకబట్టాకే కాబట్టి, ఇంటి అప్పుకు బ్యాంకు ఇచ్చే మంజూరు పత్రం మరీ ముందుగా తీసుకోకు, దానికి గడువుంటుంది. వానలకు ముందే ఒకసారి, ఎండ మండే రోజున మధ్యాహ్నం మూడు గంటలకు పడమటి గదిలో కాసేపు కూర్చుని, వేడి ఎంతుందో చూడు.

ఇక వానలదాకా ఆగలేనంటావా, రెండు పరీక్షలు చెయ్. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు గట్టిగా అంటించి, ఒక పగలూ రాత్రీ ఉంచు. గోడవైపు చెమట పడితే తేమ గోడలోదే, గదివైపు పడితే గాలిలోది. రెండోది గొట్టంతో. బయటి గోడను కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కో భాగాన్నీ పావుగంట తడుపుతూ పైకి వెళ్లాలి. ముందే పైన తడిపితే నీళ్లు కిందికి కారి, ఎక్కడ లోపలికి దిగుతున్నాయో తెలియదు. దీనికి ఇద్దరు కావాలి. రోజు ఖాయమవగానే చెప్పు, బయట గొట్టం నేను పట్టుకుంటాను. నువ్వు లోపల టార్చి వేసి కిటికీ మూలలు చూడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ