మా అమ్మాయి ప్రాసలతో పిల్లల పుస్తకాలు రాస్తానంటోంది, ఇది కెరీరేనా?

ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి ఒక తల్లి అడిగారు. వాళ్ళమ్మాయి ఇయర్ 12, అంటే మన ఇంటర్ మొదటి ఏడాది లాంటిది, ఎ లెవెల్స్‌లో ఇంగ్లిష్, డ్రామా, మ్యాథ్స్ చదువుతోంది. చిన్నప్పటి నుంచి ప్రాసలతో పిల్లల కథలు రాసే బ్రిటన్ రచయిత్రి జూలియా డొనాల్డ్‌సన్ పుస్తకాలంటే ప్రాణం. తనూ అలాంటి సరదా బొమ్మల కథలు రాస్తానని, యూనివర్సిటీలో డ్రామా తీసుకుంటానని పట్టు పట్టింది. నాన్నగారు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, ఏం చేయమంటారు అని రాశారు.

అమ్మా, ఇది కెరీరే. కానీ డిగ్రీ చేతికి రాగానే నెల జీతం మొదలయ్యే కెరీర్ కాదు, ఈ సంగతి మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. తను అంతగా అభిమానించే ఆ రచయిత్రి జీవితాన్నే తీసుకుందాం. డొనాల్డ్‌సన్ 1948లో లండన్‌లో పుట్టారు. బ్రిస్టల్ యూనివర్సిటీలో డ్రామా, ఫ్రెంచ్ చదివారు, పారిస్ వీధుల్లో గిటార్ పట్టుకుని పాడారు, తర్వాత బీబీసీ పిల్లల కార్యక్రమాలకి ఏళ్ళ తరబడి పాటలు రాశారు, మధ్యలో కొంతకాలం స్కూల్లో పాఠాలు కూడా చెప్పారు. ఆ పాటల్లో ఒకటి 1993లో పుస్తకంగా వచ్చింది, అదే ఆమె మొదటి బొమ్మల పుస్తకం. అప్పటికి ఆమెకి నలభై నాలుగేళ్ళు! ఆ పుస్తకానికి బొమ్మలు వేసింది జర్మనీ నుంచి వచ్చిన ఆక్సెల్ షెఫ్లర్. 1999లో వచ్చిన 'ది గ్రఫలో' పుస్తకంతో ఇద్దరి పేరూ మారుమోగిపోయింది, 2011 నుంచి 2013 దాకా ఆమె బ్రిటన్ చిల్డ్రన్స్ లారియేట్‌గా, అంటే పిల్లల సాహిత్యానికి ఆస్థాన రచయిత్రిలా ఉన్నారు.

ఆ 'గ్రఫలో' ఎలా పుట్టిందో మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆమె ఒక చైనా జానపద కథ ఆధారంగా రాయడం మొదలుపెట్టారు, అందులో ఉన్నది పులి. ఇంగ్లిష్‌లో 'టైగర్' అన్న మాటకి ప్రాస కుదరలేదు. కథ మానేయలేదు, పులినే తీసేశారు. వాక్యం ముందు సగం 'నో' (know) అన్న శబ్దంతో ఆగింది కాబట్టి జంతువు పేరు 'ఓ'తో ముగియాలి, పిల్లలకి భయం వేయాలంటే మొదట్లో గుర్రుమనే 'గ్ర్' ఉండాలి, అలా 'గ్రఫలో' అనే, లోకంలో లేని మృగం ఒకటి పుట్టింది. రాసిన తర్వాత కూడా ఆ కథ ఒక పబ్లిషర్ దగ్గర దాదాపు ఏడాది అలాగే పడి ఉంది, చివరికి షెఫ్లర్‌కి పంపితే ఆయన ద్వారా ఇంకో చోట ఒప్పుకున్నారు. ఈ ఓపిక తనలో ఉందో లేదో మీ అమ్మాయే చూసుకోవాలి.

ఇక డబ్బు, నాన్నగారి భయం అదే కదా, అది న్యాయమైన భయమే. రాయడమే ప్రధాన వృత్తిగా ఉన్న బ్రిటన్ రచయితల మధ్యస్థ ఆదాయం 2022 సర్వేలో ఏడాదికి 7,000 పౌండ్లు. దాంతో రెడింగ్‌లో అద్దె కూడా గడవదు. బొమ్మల పుస్తకానికి రాయల్టీ, అంటే అమ్మకాల్లో వచ్చే వాటా, బొమ్మలు వేసినవాళ్ళతో పంచుకోవాలి. లైబ్రరీల్లో పుస్తకం తీసుకెళ్ళిన ప్రతిసారీ రచయితకి కొన్ని పెన్నీలు వస్తాయి, అదీ ఏడాదికి 6,600 పౌండ్లు దాటదు. పైగా ప్రాస పుస్తకమంటే పబ్లిషర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, ఎందుకంటే ఇతర భాషల్లోనూ అమ్మాలంటే రంగుల బొమ్మలు ఒకేసారి అచ్చేసి నల్ల అక్షరాలు మాత్రం భాషని బట్టి మార్చుకుంటే ఖర్చు కలిసొస్తుంది, ప్రాసని ఇంకో భాషలోకి తేవడమేమో చాలా కష్టం.

అందుకని నేనైతే డ్రామాని ఇంగ్లిష్‌తోనో ఎడ్యుకేషన్‌తోనో కలిపి ఉన్న డిగ్రీ చూడమంటాను, తర్వాత ఒక ఏడాది పీజీసీఈ, అంటే మన బీఈడీ లాంటి టీచర్ ట్రైనింగ్, చేస్తే ప్రైమరీ టీచర్ కావచ్చు. జీతం ఉంటుంది, రోజూ ఎదురుగా ముప్పై మంది పిల్లలుంటారు, ఏ మాటకి నవ్వుతారో ఏ పేజీలో పక్కచూపులు చూస్తారో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. పద్దెనిమిదేళ్ళకే రచన కోర్సులో చేరమని మాత్రం చెప్పను, ఆ కోరిక నిలబడితే బాత్ స్పా యూనివర్సిటీలో పిల్లల కోసం రాయడం మీద ఎంఏ ఉంది, ఎప్పుడైనా చేయొచ్చు. బొమ్మలు వేయడం రాదని టెన్షన్ పడుతోందని రాశారు, అక్కర్లేదు, బొమ్మలు వేసేవాళ్ళని మామూలుగా పబ్లిషరే వెతుక్కుంటాడు. అచ్చు వేయడానికి మీరే డబ్బు కట్టాలన్న చోటికి మాత్రం వెళ్ళొద్దు.

తను రాసింది బాగుందో లేదో ఇంట్లోనే తేలుతుంది. కాగితం ఎప్పుడూ చూడని మనిషి చేతికిచ్చి పైకి చదవమనండి, తను పక్కన నోరు మెదపకుండా కూర్చుని, చదివేవాళ్ళ నాలుక తడబడ్డ ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. ఒకసారి నాన్నగారితో, ఒకసారి అక్కడే పుట్టి పెరిగిన పక్కింటావిడతో చదివించండి. మన పద్యం లఘువు, గురువు లెక్క మీద నడుస్తుంది, ఇంగ్లిష్ పద్యం మాటలో ఎక్కడ ఒత్తి పలుకుతామో దాని మీద నడుస్తుంది, అందుకే ఇద్దరూ ఒకేచోట తడబడరు. పక్కింటావిడ ఆగిన చోట్లే దిద్దాలి.

చివరగా అప్లికేషన్ సంగతి. యూనివర్సిటీలకి అప్లై చేసే యూకాస్‌లో ఐదు కోర్సులు పెట్టుకోవచ్చు, కానీ ఈ కోర్సు ఎందుకు కావాలో తన గురించి తను రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్ ఐదింటికీ ఒక్కటే వెళ్తుంది. మూడు డ్రామా, రెండు కంప్యూటర్ సైన్స్ అని ఇంట్లో రాజీ పడితే ఆ స్టేట్‌మెంట్ చదివే రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్ళకీ ఈ అమ్మాయికి ఏం కావాలో అర్థం కాదు. కంప్యూటర్ సైన్స్ తనకి నిజంగా ఇష్టమైతే ఐదూ అవే పెట్టనివ్వండి, రాయడానికి అది అడ్డమేం కాదు. ఇష్టం లేకపోతే మాత్రం మూడేళ్ళు, అంత ఫీజు, దయచేసి బలవంతం చేయొద్దు. ఈ వేసవిలో మీ ఊరి లైబ్రరీలో పిల్లల చేత సెలవుల్లో పుస్తకాలు చదివించే సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్‌కి వాలంటీర్లు కావాలేమో అడగమనండి, యూనివర్సిటీలు చూడటానికి రమ్మనే ఓపెన్ డేలకి నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి, డ్రామా డిపార్ట్‌మెంట్ వాళ్ళని ఆయన అడగాలనుకున్నవన్నీ ఆయన్నే నేరుగా అడగనివ్వండి. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని సెప్టెంబర్ లోపల ఒక మాట అనుకోండి.