సినిమాకి ముందు పది నిమిషాలు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. ఆదివారం మీ ఫిల్మ్ క్లబ్బులో మెక్సికన్ సినిమా ‘మరియా కాండెలారియా’ వేస్తున్నారనీ, ముందు అందులో హీరోయిన్ డొలోరెస్ డెల్ రియో గురించి నువ్వే మాట్లాడాలనీ, టెన్షన్‌గా ఉందనీ అన్నావు కదా. నువ్వు పంపిన నాలుగు పేజీలూ చదివాను. తప్పులేం లేవు. కానీ 1904 ఆగస్టు 3న దురాంగోలో పుట్టింది అని ఎత్తుకుని, 1983లో పోయేదాకా వరసపెట్టి అప్పజెప్పావు. అలా చదివితే మూడో నిమిషానికి జనం ఫోన్లు తీస్తారు.

1942 దగ్గర ఎత్తుకో. ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్ళు. పదిహేడేళ్ళ హాలీవుడ్ బతుకు. రెండో పెళ్ళి కూడా పెటాకులైంది, వేషాలు తగ్గిపోయాయి. పెట్టె సర్దుకుని మెక్సికో వచ్చేసింది. అప్పటిదాకా సొంత దేశంలో ఒక్క సినిమా చెయ్యలేదు! పైగా స్పానిష్‌లో నటించడం కొత్త. ఈ సంగతి చెప్పాక ఒక్క క్షణం ఆగు. తర్వాతేమైందో వాళ్ళకే తెలుసుకోవాలనిపిస్తుంది.

అప్పుడు వెనక్కి వెళ్ళు. తండ్రి బ్యాంకు పెద్ద, మెక్సికో విప్లవంలో ఆస్తులు పోయాయి. డెల్ రియో అన్నది మొదటి భర్త ఇంటిపేరు. 1925లో ఎడ్విన్ కెర్యూ అనే అమెరికన్ డైరెక్టర్ మెక్సికో సిటీలో ఆవిడ డాన్స్ చూసి హాలీవుడ్‌కి రమ్మన్నాడు. అక్కడ ఒక సినిమాలో ఫ్రెంచి పిల్ల, ఇంకో దాంట్లో రష్యన్ పల్లెపడుచు, మరో దాంట్లో పసిఫిక్ దీవి రాజకుమారి. విదేశీ వేషం ఏదైనా సరే ఈవిడకే అన్నట్టుండేది. 1933లో ‘ఫ్లయింగ్ డౌన్ టు రియో’లో హీరోయిన్ ఈవిడే. కానీ డాన్స్ జంట ఫ్రెడ్ ఆస్టెర్, జింజర్ రోజర్స్ తెరమీద మొదటిసారి కలిసింది అందులోనే. జనానికి గుర్తుండిపోయింది వాళ్ళిద్దరే. పాపం అనిపిస్తుంది నాకు.

రెండో భర్త సెడ్రిక్ గిబన్స్ ఆస్కార్ బొమ్మకి డిజైన్ ఇచ్చినవాడు. అది ఒక్క ముక్కలో చెప్పు. డైరెక్టర్ ఆర్సన్ వెల్స్‌తో ప్రేమ వ్యవహారం మాత్రం ఎత్తకు. హాల్లో గుసగుసలు మొదలైతే నీ గొంతు ఎవరికీ వినబడదు.

అసలు టైమంతా 1943కి దాచుకో. యుద్ధం రోజులు. అమెరికా నుంచి మెక్సికోకి ముడి ఫిల్మ్ వస్తోంది, అక్కడి స్టూడియోలు ఊపు మీదున్నాయి. డైరెక్టర్ ఎమిలియో ఫెర్నాండెజ్, కెమెరా గాబ్రియెల్ ఫిగరోవా, హీరో పెద్రో అర్మెందారిస్, ఈవిడ. ఈ నలుగురూ ముందు ‘ఫ్లోర్ సిల్వెస్త్రె’ తీశారు, వెంటనే మీరు వేసే ‘మరియా కాండెలారియా’. ఫెర్నాండెజ్ ఈ కథని హోటల్లో న్యాప్‌కిన్ల మీద రాసి ఆవిడకి పుట్టినరోజు కానుకగా ఇచ్చాడంటారు. చెప్పు, కానీ ‘అంటారు’ అన్న మాట మింగెయ్యకు.

మెక్సికో సిటీ దగ్గరి సోచిమిల్కో కాలవల్లో పూలమ్ముకునే పిల్ల కథ. (ఆ పేరు ‘క్సో’ అని పలకొద్దు, ‘సో’ అనాలి.) తల్లి చెడ్డపేరు మోస్తూ బతుకుతుంది, ఊరంతా వెలేసింది. పడవనిండా పూలతో బయల్దేరితే ఊరివాళ్ళు తమ పడవలు అడ్డంపెట్టి కాలవ మూసేస్తారు. అక్కడ ఆవిడ ముఖం చూడమని చెప్పు. మాటల్లేకుండా ముఖంతో నటించడం మూకీల్లో నేర్చుకున్నదే. పెద్దింటి పిల్ల, ముప్పై ఎనిమిది దాటిన మనిషి, రెండు జడలేసుకుని, చెప్పుల్లేకుండా పల్లెపిల్లలా నడవడం కొందరికి మింగుడుపడదు. ఎవరైనా అడిగితే సమర్థించబోకు, అడిగినవాళ్ళది న్యాయమే.

ముగింపు మాత్రం నోరుజారకు. నేనొకసారి ఓ జపాన్ సినిమాకి అరగంట ఉపన్యాసం దంచి, ఆవేశంలో చివర ఎవరు పోతారో కూడా చెప్పేశాను. ముందువరసలో ఓ పెద్దాయన ‘ఇంకెందుకండీ చూడటం’ అని లేచి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది.

సినిమా అయ్యాక నలుగురు నిలబడితే మిగతాది చెప్పు. 1946 కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి పంచుకున్న పదకొండు సినిమాల్లో ఇదొకటి, మన చేతన్ ఆనంద్ ‘నీచా నగర్’ ఇంకొకటి. మనవాళ్ళకి ఇది వింటే సరదా. 1954లో ఆవిడకి ఓ హాలీవుడ్ వేషం వస్తే, కమ్యూనిస్టు సానుభూతిపరురాలన్న అనుమానంతో అమెరికా వీసా ఇవ్వలేదు, ఆ వేషం ఇంకో మెక్సికన్ నటి కేటీ హురాడోకి వెళ్ళి ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 1960లో అదే హాలీవుడ్‌లో పాటగాడు ఎల్విస్ ప్రెస్లీకి తల్లిగా డొలోరెస్ వేసింది.

కాగితం చూసి చదవొద్దు, తేదీలు అరచేతిలో రాసుకో. సబ్‌టైటిల్స్ సరిగ్గా వస్తున్నాయో లేదో శనివారమే చూసుకో. ఆ రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి నాకు మొత్తం ఒకసారి చెప్పు. మీ పిన్ని కూడా వింటుంది, నేను గడియారం ముందుపెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
మీ బాబాయి