గది రోబోలకి, హాల్లో పక్క అత్తగారికి

ప్రశ్న: మాది తెనాలి. ఎనిమిదేళ్లుగా టోక్యోలో ఉద్యోగం, నిషికసాయ్‌లో కాపురం. 1970ల నాటి పాపీ కంపెనీ లోహపు రోబోలు సేకరిస్తాను. చిన్నవి అరవై పైనే ఉన్నాయి, జంబో మషిండర్లనే రెండడుగుల పెద్ద రోబోలు రెండు. మా రెండు గదుల్లో చిన్నది వాటికే కేటాయించి, తేమ పట్టకుండా ఏడాది పొడుగునా ఏసీ వేసి ఉంచుతున్నాను. మార్చిలో నా భార్య రెండో కాన్పుకి మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి, తొంభై రోజుల వీసా అయ్యేదాకా ఉన్నారు. ఆవిడకి హాల్లో పక్క వేశాం. ఆవిడ వెళ్లిన వారానికి నా భార్య అల్మారా తీసి మా ఏడేళ్ల బాబుకి గ్రెండైజర్ అనే రోబోని ఆడుకోమని ఇచ్చింది. స్ప్రింగుతో ఎగిరే దాని పిడికిలి వెనక ప్లాస్టిక్ కాడ విరిగింది. నిలదీస్తే ‘బొమ్మేగా’ అంది. అప్పటి నుంచి మాటల్లేవు. విరిగినది అతకవచ్చా? విలువ ఎంత పడిపోతుంది? అల్మారాకి నంబరు తాళం వేసి ఆ నంబరు నా దగ్గరే ఉంచుకుంటే తప్పా?

జవాబు: తప్పే. భార్యకి తెలియని నంబరుతో ఇంట్లో ఒక అల్మారా ఉండకూడదు. తాళం ప్రశ్న ఇక్కడితో వదిలేయండి.

మీ పూర్తి ఉత్తరంలో విరిగిన కాడ గురించి పేజీన్నర ఉంది. ఎక్కడ విరిగింది, రంగు ఎంత లేచింది, స్ప్రింగు సోఫా కింద ఎలా దొరికింది, అన్నీ రాశారు. అత్తగారి గురించి మాత్రం ‘హాల్లో పక్క వేశాం’ అని ఒక్క ముక్క. నాకు మీ సమస్యంతా అందులోనే కనిపించింది.

పురుడు పుట్టింటివాళ్లు పోయాలని మనవాళ్ల ఆచారం. ఆ బాధ్యత కోసం ఆవిడ తన ఇల్లూ, మీ మామగారి మందులూ ఎవరికో అప్పగించి, భాష రాని దేశానికి ఒంటరిగా వచ్చారు. తెల్లవారుజామున పాపకి నీళ్లు కాచారు, బాలింతకి పత్యం వండారు. రాత్రి నడుం వాల్చేది ఫ్రిజ్ చప్పుడు పక్కన. బాబు మంచినీళ్లకి లేచినా ఆవిడకి మెలకువే. తలుపు వేసుకుని చీర మార్చుకోవడానికి ఒక చోటు లేదు. గోడకి అవతల గదిలో రోబోలకి ఏసీ నడుస్తోంది. మీ ఆవిడ అదంతా తొంభై రోజులు చూసింది. బాలింత కాబట్టి మీతో గొడవ పెట్టుకోలేకపోయింది, అల్లుడి మీద చెప్పడం ఇష్టం లేక అమ్మతోనూ అనలేదు. అమ్మ విమానం ఎక్కిన వారానికి అల్మారా తీసింది. ‘బొమ్మేగా’ అనే మాట ఆవిడ నోట ఊరికే వచ్చిందనుకుంటున్నారా? అత్తగారిని ఎక్కడ పడుకోబెట్టాలన్న ప్రశ్నకి మీరు ఇచ్చిన జవాబునే ఆవిడ మీకు తిప్పి అప్పగించింది.

రోబోలకి ఆ గది తప్పదు కదా అంటారేమో. అక్కర్లేదు. వాటి సంగతి తెలిసినవాళ్లెవరూ అలా అనరు.

మీ రోబోల ఒళ్లు జింకు మిశ్రమం, సుమారు 4 శాతం అల్యూమినియం కలిపి అచ్చులో పోసినది. పోత రోజున అందులో సీసం లాంటి మలినం పడితే, ఏళ్లు గడిచాక లోహం లోపల్నుంచి పగులుతుంది. ముందు రంగు కింద బుడిపెలు లేస్తాయి, తర్వాత సన్నటి గీతలు పడతాయి, చివరికి కాలు ఉబ్బి కీలు బిగుసుకుంటుంది. పుట్టుకతో వచ్చిన ఆ జబ్బుకి మందు లేదు. తేమా వేడీ దాన్ని తొందరపెడతాయంతే. పోత శుభ్రంగా ఉన్నదానికి ఆ బెంగే లేదు. 1974లో పాపీ తన మొదటి లోహపు మాజింగర్ జెడ్ తెచ్చిన నాటి నుంచి ఈ బొమ్మలు జపాను ఇళ్లలో పరుపులు దాచే గోడ అల్మారాలైన ఒషీరెల్లో, దుకాణాల గోదాముల్లో దశాబ్దాలు గడిపి మీ చేతికి వచ్చాయి. ఏసీ గది చూసి ఎరగవు.

వాటికి కావలసింది చీకటి, 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండే తేమ. రెండూ మూత బిగిసే డబ్బాలో దొరుకుతాయి. 12 సెంటీమీటర్ల బొమ్మలు అరవై, అట్టపెట్టెలతో సహా మీ ఒషీరె పై అరలో సగం కూడా నింపవు. పై అర అనే అంటున్నాను, ఎందుకంటే కింది అరలో నేల చెమ్మ చేరుతుంది. బయటి గోడకి ఆనించకండి, చలికాలం ఆ గోడ నీరు కారుతుంది. నాలుగు వేళ్ల సందు వదలండి. ముప్ఫై లీటర్ల పాలీప్రొపిలీన్ డబ్బాకి వంద గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టండి. జూన్, జులై వానల్లో వారానికోసారి మీటరు చూసి, గింజల రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వేయండి. మందుల దుకాణాల్లో అమ్మే, నీరు పట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మాత్రం దగ్గరికి రానివ్వకండి. అది ఒరిగితే కారేది ఉప్పునీరు, జింకుని తినేస్తుంది.

సేకరించేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది బొమ్మల పెట్టెల్లో ఉండే థర్మోకోల్ దగ్గర. మెత్తటి వినైల్ భాగాల్లోంచి నూనె లాంటి ద్రవం ఊరుతూ ఉంటుంది. అది తగిలిన థర్మోకోల్ అరని కరిగిస్తుంది, పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌కి అంటుకుని మచ్చ వేస్తుంది. అందుకని మధ్యలో పలచటి పాలిథీన్ షీటు వేయండి. పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు వద్దు. క్రోము పూతని స్పిరిట్‌తో తుడవకండి, పూతే ఊడి వస్తుంది. మెత్తటి బ్రష్షు చాలు. స్ప్రింగు బిగించిన పిడికిలిని అలాగే లోపల పెట్టి దాచకండి. వదిలేసి విడిగా పెట్టండి, లేకపోతే స్ప్రింగు సత్తువ పోతుంది. ఆ రెండు జంబో మషిండర్లూ రెండడుగుల పాలిథీన్ బొమ్మలు, షాంపూ సీసాల రకం ప్లాస్టిక్. ఎండ తగలకపోతే చాలు, అల్మారా పైన నిలబెట్టండి.

ఇవన్నీ చేయడానికి ఒక ఆదివారం పడుతుంది. ఆ సాయంత్రానికి మీ చిన్న గది ఖాళీ.

ఇంకొక మాట, ఇది పాప గురించి. దీపావళి నాటికి పాకుతుంది. ఆ రోబోలు వదిలే క్షిపణులు మీ చిటికెన వేలి కొసంత ఉంటాయి. 1978 ఆఖరులో అమెరికాలో ఒక అంతరిక్ష నౌక బొమ్మ క్షిపణి గొంతుకి అడ్డుపడి ఒక చిన్న బాబు చనిపోయాడు. ఆ తర్వాత అక్కడ బొమ్మల కంపెనీలు స్ప్రింగు క్షిపణుల తీరే మార్చుకున్నాయి. మీ దగ్గరున్నవి చాలావరకు అంతకు ముందువి. అప్పటి రంగుల్లో సీసం ఉండవచ్చు కూడా. కాబట్టి క్షిపణులూ పిడికిళ్లూ వేరే డబ్బాలో వేసి దానికి తాళం పెట్టండి. తాళంచెవులు రెండు, ఒకటి మీ ఆవిడది. ఆవిడతో ‘పాప కోసం’ అని చెప్పి ఇవ్వండి. బాబుని ఒక్క మాట అనకండి, వాడు అమ్మ ఇచ్చింది తీసుకున్నాడు.

అతుకు సంగతి. ఫెవిక్విక్ రకం జిగురు వద్దు. దాని ఆవిరి పక్కనున్న క్రోము మీద, మెరిసే ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. పైగా పక్కనుంచి చిన్న దెబ్బ తగిలినా అతుకు ఊడుతుంది. విరిగిన ముఖాలు రెండూ ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో ముందు పొడిగా పెట్టి చూడండి. కాడ నడిమధ్యన చేతితో తిప్పే డ్రిల్లుతో రెండు వైపులా 1 మిల్లీమీటరు రంధ్రం, చెరో 4 మిల్లీమీటర్ల లోతు వేయండి. మరీ సన్నటి కాడ అయితే 0.8 చాలు. అందులో ఇత్తడి తీగ ముక్క పెట్టి, రెండు ట్యూబుల ఎపాక్సీ అగ్గిపుల్ల మొనతో పూసి, 24 గంటలు కదపకుండా ఉంచండి. చేయి విప్పాల్సి వస్తే జపాను ప్రమాణం స్క్రూడ్రైవరే వాడండి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు ఆ పాత స్క్రూల తలలు కోసేస్తుంది. అతికాక ఆ పిడికిలి మళ్లీ పేల్చకండి.

విలువ తగ్గుతుంది, పెట్టె పోయినంతగా కాదు. ఎప్పుడైనా అమ్మితే అతుకు ఉందని ముందే చెప్పి అమ్మాలి. నకానో బ్రాడ్‌వేలో మందారాకే అనే పాత బొమ్మల దుకాణంలోనో వేలంలోనో విరిగిన బొమ్మల విడిభాగాలు దొరుకుతాయి, అసలు పిడికిలి అక్కడ వెతకవచ్చు. కానీ ఆ పని తర్వాత.

గది ఖాళీ అయ్యాక అందులో పరుపు వేయండి, తలుపుకి లోపల గడియ పెట్టించండి. మీ ఆవిడకి వివరణలు ఇవ్వకండి. ‘అత్తయ్యగారి విషయంలో తప్పు చేశాను’ అనండి, అంతటితో ఆపండి. వెంటనే మాట్లాడకపోవచ్చు, తొందరపెట్టకండి. తొంభై రోజులు మింగింది ఒక్క పూటలో దిగదు.

ఇక గుంటూరుకి ఫోను మీరే చేయాలి. భార్య చేత చేయించి పక్కన నిలబడటం కుదరదు. ఆవిడ ‘దాందేముంది బాబూ, నాకేం ఇబ్బంది కాలేదు’ అనే అంటారు, మన ఆడవాళ్లు అల్లుడితో ఇంకేమీ అనరు. ఆ మాట పట్టుకుని ఫోను పెట్టేయకండి. వచ్చే వేసవికి మామగారిని కూడా తీసుకురమ్మనండి. టిక్కెట్లు మీరు కొనండి, తేదీలు ఆవిడని చెప్పనివ్వండి.