అక్కడ తిండీ నీడా ఉచితమే, మరి 9 లక్షలు దేనికి?

ప్రశ్న: మాది రాజాం. నేను గవర్నమెంటు టీచర్ని, మావారిది ఎలక్ట్రికల్ షాపు. ఇద్దరిదీ కలిపి నెలకు 92 వేలు వస్తే ఇంటి లోను ఈఎంఐకి 21 వేలు పోతుంది. పాప తొమ్మిదో తరగతి. టెన్త్ అయ్యాక అమెరికాలో ఒక కుటుంబంతో ఉంటూ ఏడాది అక్కడి హైస్కూల్లో చదవొచ్చని విశాఖలో ఒక ఏజెన్సీ వాళ్లు చెప్పారు. 9 లక్షలట. సుకన్యలో 6.2 లక్షలు, ఎఫ్‌డీ 4 లక్షలు, 14 తులాల బంగారం, 5 లక్షల చీటీ ఒకటి (ఇంకా 11 వాయిదాలు) ఉన్నాయి. బంగారం పెట్టి పంపిద్దామంటారు మావారు. ముక్కూమొహం తెలియని వాళ్లు మా పిల్లను ఊరకే ఎందుకు పెట్టుకుంటారు? నెలనెలా వాళ్లకు పంపాలా? ఇంకొకటి, అక్టోబరులో పాప స్కూలుకు వచ్చే విదేశీ పిల్లల్లో ఒకమ్మాయిని పదిహేను రోజులు మా ఇంట్లో ఉంచుకోమంటున్నారు. దానికెంతవుతుంది?

జవాబు: టీచరు గారూ, ఊరకే పెట్టుకుంటారండీ. నమ్మబుద్ధి కాకపోయినా నిజం. స్కూలు పిల్లలకు అమెరికా ఇచ్చే ఎక్స్‌చేంజ్ వీసా పేరు జే-1. ఆ వీసా మీద వచ్చిన పిల్లను ఉంచుకునే కుటుంబానికి డబ్బివ్వడం అక్కడి నిబంధనలే ఒప్పుకోవు. ఇల్లు చూసి, ఇంట్లో పెద్దవాళ్ల మీద కేసులేమైనా ఉన్నాయేమో ఆరా తీసి గానీ పిల్లను అప్పగించకూడదు. ఆ కుటుంబానికి దక్కేదల్లా చిన్న పన్ను ఊరట: నెలకు 50 డాలర్ల వరకు ఖర్చును విరాళం కింద చూపుకోవచ్చు. తమ బిడ్డను బదులుగా వేరే దేశం పంపుకుంటే అదీ లేదు. ఈ సంప్రదాయం ఇప్పటిది కాదు. ప్రపంచ యుద్ధాల్లో అంబులెన్సులు నడిపిన వాలంటీర్ల నుంచి పుట్టిన ఏఎఫ్ఎస్ అనే సంస్థ 1947 నుంచే స్కూలు పిల్లలను ఇలా దేశాలు దాటిస్తోంది.

కాబట్టి ఏజెన్సీని ముందు అడగాల్సింది ఒకటే: జే-1 వీసానా, ఎఫ్-1 అనే మామూలు విద్యార్థి వీసానా? ఎఫ్-1 అయితే కథ వేరు. అక్కడ స్కూలు ఫీజు కట్టాలి, ఉంచుకునే కుటుంబం కూడా నెలనెలా డబ్బు తీసుకోవచ్చు. అప్పుడు మీకు చెప్పిన 9 లక్షల్లో ఏవేవి ఉన్నాయో కాగితం మీద చూడాల్సిందే. జే-1 అయితే తిండికీ నీడకూ పైసా లేదు. మరి ఆ 9 లక్షలు దేనికి? అక్కడ పాప బాధ్యత చూసే అమెరికా స్పాన్సర్ సంస్థ రుసుము ఎంత, ఏజెన్సీ కమిషన్ ఎంత, బీమా ఎంత, జీఎస్‌టీ కలిపా విడిగానా, విమానం టికెట్టు ఉందా లేదా, విడివిడిగా రాసిమ్మనండి. రాసివ్వడానికి నసిగితే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. స్పాన్సర్ పేరు అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన జాబితాలో ఉండాలి. అది మీరే ఫోన్లో చూసుకోవచ్చు.

ఇక మీ లెక్క. చేతిఖర్చు నెలకు 200 డాలర్లు అనుకున్నా పది నెలలకు 2,000. డాలరు 90 రూపాయలనుకుంటే 1.8 లక్షలు. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము 220 డాలర్లు, వీసా రుసుము, ఇంటర్వ్యూ కోసం హైదరాబాద్‌కు విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ, చలిబట్టలు, ఫోను కలిపి ఇంకో 70 వేలు వేసుకోండి. మొత్తం 11.5 లక్షలు. టికెట్టు విడిగా అయితే 12 దాటుతుంది. విదేశాలకు పంపే డబ్బు మీద బ్యాంకు ముందుగా పట్టే పన్ను, టీసీఎస్, గురించి టెన్షన్ వద్దు. ఏడాదికి 10 లక్షల దాకా అది పడదు.

పన్ను వైపు నుంచి మీకు వచ్చే సాయం మాత్రం సున్నా. పన్ను మినహాయింపుకు చూపే స్కూలు ఫీజు మన దేశపు స్కూలుదే కావాలి. విద్యా రుణం వడ్డీ మీద మినహాయింపు ఇంటర్ తర్వాతి చదువు కోసం తెచ్చిన లోనుకు మాత్రమే. బ్యాంకుల మామూలు విద్యా రుణాలూ అంతే. అందుకే మీవారి చూపు బంగారం మీద పడిందని ఊహించగలను.

ఏ ఏజెన్సీ బ్రోషర్లోనూ కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. మన ఇంటర్ ముందే మొదలవుతుంది, వాళ్ల స్కూలు ఆగస్టులో. పాప తిరిగొచ్చేసరికి తోటిపిల్లలు సెకండియర్లో ఉంటారు. అక్కడి మార్కులతో నేరుగా సెకండియర్లో చేర్చుకుంటారని ఎవరైనా నోటిమాటగా అంటే నమ్మొద్దు. ఏడాది పోతుందనే లెక్క వేసుకోండి. పోతే పోయింది, పదిహేనేళ్ల పిల్లకు అదేం పెద్ద నష్టం కాదని నా అభిప్రాయం. కానీ అదే సమయానికి ఇంటర్ ఫీజు, కోచింగ్ ఫీజు మీద పడతాయి. గోల్డ్ లోను చాలా చోట్ల ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ ఒకేసారి అడుగుతుంది. రెండూ కలిసి వచ్చే నెల మీ 92 వేలకు అందదు.

సుకన్యను ముట్టుకోకండి. టెన్త్ పాసయ్యాక చదువు కోసం సగం దాకా తీయొచ్చు, నిజమే. కానీ 8.2 శాతం, అదీ పన్ను లేని వడ్డీ, మీకు ఇంకెక్కడా దొరకదు. అది బీటెక్కో ఎంబీబీఎస్సో చేరే రోజు డబ్బు. ఎఫ్‌డీ ఇంటికి ఆపద్ధనం, షాపు నాలుగు నెలలు మందగిస్తే ఆదుకునేది అదే.

నా మాట ఇదీ. పూర్తిగా అప్పు మీదే పంపొద్దు, అలాగని ఆశా వదలొద్దు. అమెరికా ప్రభుత్వమే ఖర్చు పెట్టుకునే కెనడీ-లూగర్ యూత్ ఎక్స్‌చేంజ్ స్కాలర్‌షిప్ 2002లో మొదలైంది. పాప వెళ్లే ఏడాదికి మన దేశపు పిల్లలను తీసుకుంటున్నారో లేదో చూసి పాప చేత దరఖాస్తు పెట్టించండి. పోటీ గట్టిగా ఉంటుంది, రాకపోతే పోయేదేమీ లేదు. ఒక్క షరతు: ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లు తర్వాత రెండేళ్లు స్వదేశంలో గడిపితే గానీ హెచ్-1బీ ఉద్యోగ వీసా, గ్రీన్ కార్డు దొరకవు. పై చదువుకు వెళ్లే ఎఫ్-1కు ఆ అడ్డు లేదు.

అక్టోబరు అతిథికి మాత్రం సరేననండి. పరుపు, దుప్పట్లు, మంచినీళ్ల టిన్నులు, సిరిమాను పండగకు విజయనగరం వెళ్లి రావడానికి కారు, అన్నీ కలిపి 15 వేలకు మించనివ్వకండి. రోజూ పిజ్జా తెప్పించక్కర్లేదు, చోడి అంబలి కూడా రుచి చూపించండి. విదేశీయులను ఇంట్లో ఉంచుకున్నప్పుడు 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ బాధ్యత స్కూలుదా మీదా అన్నది ముందే తేల్చుకోండి.

చీటీ ఇప్పుడే పాడేయకండి. ఆఖరిదాకా ఉంటే చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ పోను దాదాపు మొత్తం చేతికొస్తుంది. దానికి నెలకు 12 వేల ఆర్‌డీ ఈ నెల నుంచే తోడు చేయండి. ఏడాదిన్నరకు ఏడు లక్షల దరిదాపులకు చేరతారు. అప్పటికి స్కాలర్‌షిప్ సంగతీ తెలుస్తుంది, ఏజెన్సీ కాగితమూ చేతిలో ఉంటుంది. వెళ్లడమే ఖాయమైతే తగ్గినంత మేరకే బంగారం, అది కూడా మూడు నాలుగు తులాలకు మించకుండా.