కంపెనీ ఒకటే అయినా షేరు వేరు, బాండు వేరు

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 12 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. మా అబ్బాయి ఒక ఫైనాన్స్ కంపెనీ షేర్లు కొనమంటున్నాడు. తెలిసిన ఏజెంటు అదే కంపెనీ బాండ్లు కొనండి, 11 శాతం వడ్డీ, రిస్కు లేదు అంటున్నాడు. కంపెనీ ఒకటే కదండీ, తేడా ఏంటి? – ఖమ్మం పాఠకుడు

జవాబు: మీ ఊళ్లో ఒకాయన రైస్ మిల్లు పెడుతున్నాడనుకోండి. ఆయనకు ప్రోనోటు మీద మూడు లక్షలిస్తే మీరు అప్పిచ్చినవారు. మిల్లుకు ఎంత లాభమొచ్చినా మీకు రాసుకున్న వడ్డీయే. నష్టమొచ్చినా సరే, ఆ వడ్డీ అడిగే హక్కు మీకుంటుంది. అదే డబ్బు వాటాగా పెడితే మీరూ ఒక యజమానే. లాభాలొస్తే వాటా విలువ పెరుగుతుంది, రాకపోతే ఎవరినీ అడగలేరు. బాండు ఆ ప్రోనోటు లాంటిది, షేరు ఆ వాటా లాంటిది.

అసలు తేడా కంపెనీ మునిగినప్పుడు తెలుస్తుంది. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం ముందు అప్పులవాళ్లకు ఇచ్చి, మిగిలితేనే షేర్‌హోల్డర్లకు. ఇళ్ల రుణాలిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ కంపెనీ షేరు 2018 సెప్టెంబరులో 600 రూపాయలు దాటింది. 2021లో ఆ కంపెనీ చేతులు మారేసరికి పాత షేర్ల విలువ సున్నా. ఎన్‌సీడీలు, అంటే ఆ కంపెనీ బాండ్లు, కొన్నవాళ్లకు కొంత తిరిగొచ్చింది. గమనించండి, కొంతే.

కాబట్టి ‘రిస్కు లేదు’ అన్న ఏజెంటు మాట తప్పు. బ్యాంకు ఎఫ్‌డీ కంటే అంత ఎక్కువ ఎందుకిస్తున్నారు? తక్కువ వడ్డీకి వాళ్లకు అప్పు పుట్టకనే. బ్యాంకు డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది, బాండుకు అదీ లేదు. పైగా ఈ వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది, మీ స్లాబు ప్రకారం పన్ను కట్టాలి.

అన్ని బాండ్లూ ఒక్కటి కావు కూడా. ఏటీ1 బాండ్లని ఉంటాయి, బ్యాంకు కష్టాల్లో పడితే వాటిని రద్దుచేయొచ్చన్న షరతు ముందే ఉంటుంది. 2020 మార్చిలో యస్ బ్యాంకు ఏటీ1 బాండ్లు దాదాపు 8,400 కోట్లు అలాగే రద్దయ్యాయి. షేర్లు మాత్రం మిగిలాయి! ఎఫ్‌డీ లాంటిదేనని నమ్మి కొన్న పెద్దవాళ్లు అందులో చాలామందే ఉన్నారు.

మీ అబ్బాయిదీ పూర్తిగా తప్పు కాదు, పదేళ్లు కదపక్కర్లేని డబ్బుకు షేర్లు మంచివే. కానీ ఒకే కంపెనీలో వద్దు. ఓ రెండు లక్షలు ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలోని కంపెనీలన్నిటి షేర్లూ కొనే ఫండ్‌లో, వేసి ఊరుకోమనండి. నెల ఖర్చులకు కావాల్సింది సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి, 30 లక్షల దాకా తీసుకుంటారు, ప్రభుత్వ హామీ ఉంటుంది.

అయినా ఆ బాండ్లే కొనాలనిపిస్తే లక్ష దాటకండి. సంతకం పెట్టేముందు ఏజెంటును అడగండి: సెక్యూర్డా, అంటే అప్పుకు ఆస్తి తాకట్టు ఉందా, లేదా? రేటింగ్, అంటే తిరిగి చెల్లించే సత్తాకు ఏజెన్సీలిచ్చే గ్రేడు, ఎంత? కాగితంలో ‘పెర్పెచ్యువల్’ (అసలు తిరిగిచ్చే గడువే లేనిది, ఏటీ1 బాండ్లు ఇలాంటివే) అనే మాట కనిపిస్తే పెన్ను జేబులో పెట్టేసుకోండి.