చిన్న కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్‌గా చేరితే భవిష్యత్తు ఉంటుందా?

అమెరికాలో ఒక చిన్న కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన మీ అబ్బాయి, డిగ్రీ అయ్యాక అక్కడే అసిస్టెంట్ కోచ్‌గా చేరతానంటున్నాడని, ఇదీ ఒక కెరీరేనా అని అడిగారు. నేను కోచ్‌ని కాదు. కానీ 2011లో ఎం.ఎస్. చదవడానికి మిన్నెసోటాలోని సెయింట్ క్లౌడ్ వెళ్లినప్పుడు, ఈ పనిలోనే జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన్ని చూశాను.

ఆయన పేరు జాన్ గలార్డి. సెయింట్ క్లౌడ్ నుంచి కారులో ఇరవై నిమిషాలు వెళ్తే కాలేజ్‌విల్. బెనెడిక్టైన్ సన్యాసులు స్థాపించిన సెయింట్ జాన్స్ యూనివర్సిటీ అక్కడే ఉంది. అందులో చదివిన నా క్లాస్‌మేట్ ఒక సాయంత్రం ప్రాక్టీస్ చూపిస్తానని తీసుకెళ్లాడు.

మా ఊరి హైస్కూల్లో కబడ్డీ ప్రాక్టీస్ అంటే విజిల్, తిట్లు, ఆలస్యమైతే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు. ఇక్కడ అసలు విజిలే లేదు. బంతి పట్టుకుని ఒక కుర్రాడు దూసుకొస్తుంటే, ఎదుటివాడు సరిగ్గా పడగొట్టాల్సిన చోటికి చేరి, చేత్తో తాకి వదిలేస్తున్నాడు. ప్రాక్టీస్‌లో ఒకర్నొకరు పడగొట్టుకోకూడదు, తొంభై నిమిషాలు దాటకూడదు. ఇవి ఆయన నియమాలు. గడ్డిలో వెల్లకిలా పడుకుని పక్కవాడితో "ఇవాళ ఎంత బాగుందో" అనుకోవడం కూడా ఒక డ్రిల్లే! "కోచ్" అని పిలవొద్దని ఆయనే చెప్పేవారట. 84 ఏళ్ల మనిషిని ఇరవై ఏళ్ల పిల్లలు "జాన్" అని పిలుస్తుంటే వినడానికి నాకు కాసేపు ఇబ్బందిగానే అనిపించింది.

ఆయన 16 ఏళ్లకే కోచ్ అయ్యారు. 1943లో, కొలరాడోలోని ట్రినిడాడ్‌లో, వాళ్ల హైస్కూల్ కోచ్‌ని యుద్ధానికి పిలిచారు. టీమ్ ఎత్తేయబోతుంటే నేను చూసుకుంటానని ముందుకొచ్చారు. తర్వాత మోంటానాలోని క్యారల్ కాలేజీలో నాలుగు సీజన్లు, 1953 నుంచి 2012 వరకు సెయింట్ జాన్స్‌లోనే. మొత్తం 489 విజయాలు, 138 ఓటములు, 11 డ్రాలు. పెద్ద యూనివర్సిటీల కోచ్‌లలో కూడా ఆయనకన్నా ఎక్కువ గెలిచినవాళ్లు లేరు. నాలుగు జాతీయ టైటిళ్లలో చివరిది 2003లో వచ్చింది. అప్పటికి వరసగా 55 మ్యాచ్‌లు గెలిచిన మౌంట్ యూనియన్ కాలేజీ టీమ్‌ని ఫైనల్లో 24-6తో ఓడించారు. సెయింట్ జాన్స్ ఆడే డివిజన్ త్రీలో, అంటే ఎక్కువగా చిన్న కాలేజీలుండే స్థాయిలో, ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కాబట్టి వీళ్లంతా ఆట మీద ఇష్టంతో వచ్చినవాళ్లే. ఆడతానని వచ్చినవాణ్ని ఆయన టీమ్ నుంచి తీసేసేవారు కాదు.

అయితే అందరికీ ఇలా కుదరదు. నా క్లాస్‌మేట్ వాళ్ల అన్నయ్య ఇంకో చిన్న కాలేజీలో అసిస్టెంట్‌గా చేశాడు. హైస్కూళ్ల చుట్టూ తిరిగి కుర్రాళ్లని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఒప్పించడం, రాత్రిళ్లు మ్యాచ్ వీడియోలు చూడటం, మైదానంలో గీతలు వేయడం, జెర్సీలు ఉతకడం, అన్నీ అతని పనులే. జీతం మా మొదటి ఉద్యోగాల్లో సగం కూడా ఉండేది కాదు. పైగా హెడ్ కోచ్‌ని తీసేశారంటే కింద ఉన్నవాళ్లంతా పెట్టె సర్దుకోవాల్సిందే. అలా అతను ఐదేళ్లలో మూడు ఊళ్లు మారాడు. పాప పుట్టాక హైస్కూల్ టీచర్‌గా చేరి, అక్కడి టీమ్‌కి కోచింగ్ ఇస్తున్నాడు. ఎప్పుడు మాట్లాడినా సంతోషంగానే ఉంటాడు.

నన్నడిగితే ఒక రెండేళ్లు చెయ్యనివ్వండి. కొన్ని కాలేజీల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా తీసుకుని మాస్టర్స్ ఫీజు మాఫీ చేస్తారు. అలాంటిది దొరికితే చదువూ ఆగదు, రేపు టీచింగ్ వైపు వెళ్లాలన్నా పనికొస్తుంది. జీతం సంగతి తర్వాత, ముందు ఏ హెడ్ కోచ్ కింద పనిచేస్తాడో కనుక్కోండి. వీలైతే ఒకసారి వెళ్లి మ్యాచ్ కాదు, మామూలు రోజు ప్రాక్టీస్ చూడండి. తప్పు చేసిన కుర్రాడు కోచ్ దగ్గరికి తనంతట తానే వెళ్లి అడుగుతున్నాడా, తల దించుకుని పక్కకి పోతున్నాడా, అది గమనించండి.