పుతు బండి ఈల, పిండిలో తడి

ప్రశ్న: జకార్తాలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చే బండి దగ్గర కొబ్బరి కోరు చల్లిన ఆకుపచ్చ కుడుము తిన్నాను. కొరకగానే లోపలి బెల్లం పాకమై జారింది. ఇంట్లో కొన్న బియ్యప్పిండితో చేస్తే ఒకసారి రాయిలా గట్టిపడింది, ఇంకోసారి పొడిపొడిగా రాలిపోయింది. లోపం ఎక్కడ?
— ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: మీరు తిన్నది కువే పుతు. ఆ ఈల బండివాడు నోటితో వేసేది కాదు. మరుగుతున్న నీటి ఆవిరి సన్నని రంధ్రం గుండా తోసుకొని వచ్చేటప్పుడు పుట్టే కూత. మన పిట్టుకూ కేరళ పుట్టుకూ ఇది దగ్గరి చుట్టమే. మలేసియా, సింగపూర్‌లలో దీన్నే పళ్లెం ఆకారంలో వండి పుతు పిరింగ్ అంటారు.

మీ ఇబ్బంది అంతా తడిలోనే ఉంది. రేణువుల మధ్య ఖాళీలు ఉంటేనే ఆవిరి లోపలికి పోతుంది కనుక, తడి ఎక్కువై ముద్దకట్టినా, అచ్చులో అదిమి నింపినా కుడుము గట్టిపడుతుంది. తడి చాలకపోతే పిండి సరిగా ఉడకక, ఒకదానికొకటి అంటుకోక రాలిపోతుంది. బియ్యం 4 గంటలు నానబెట్టి, వడకట్టి, గుడ్డమీద ఆరబోసి, చెమ్మ ఉండగానే మరపట్టించండి. ఉప్పునీళ్లు చిలకరిస్తూ వేళ్లతో కలిపి, గుప్పిట పడితే నిలిచి, నొక్కితే విడిపోయే స్థితికి వచ్చాక జల్లించండి. జల్లెడలో మిగిలిన ఉండలను చిదిమి మళ్లీ జల్లించడానికి బద్ధకించవద్దు.

వెదురు గొట్టం లేకపోతే ఇడ్లీ పళ్లెంలో తడిగుడ్డ పరిచి, సగం పిండి, నడిమధ్య తాటిబెల్లం తురుము, పైన మళ్లీ పిండి వదులుగా వేయండి. బెల్లం అంచుకు తగిలితే కారి గుడ్డకు అంటుకుంటుంది. అక్కడ వాడేది కొబ్బరి చెట్టు గెల కల్లునుంచో, అరెన్ తాటినుంచో కాచిన బెల్లం. చెరకు బెల్లంతో తీపి వస్తుంది గానీ ఆ మాడువాసన రాదు.

ఆకుపచ్చదనం మొగలి జాతికే చెందిన పండన్ ఆకుది. అలాగని బిర్యానీకి వాడే కేవ్డా నీళ్లు పోయకండి, అది పువ్వు వాసన. పండన్‌కూ బాస్మతి బియ్యానికీ పరిమళం ఇచ్చే పదార్థం ఒకటే కాబట్టి, నానబెట్టేటప్పుడే గుప్పెడు బాస్మతి కలపడం మేలు.

నీళ్లు బాగా మరిగాకే పళ్లెం పెట్టి, తీసిన వెంటనే ఉప్పు కలిపిన పచ్చికొబ్బరి చల్లి వడ్డించండి, చల్లారితే బిరుసెక్కుతుంది.